సర్వర్ ఆపకుండానే బస్ వేగం చూడటం ఎలా?

రాత్రి పదకొండుకు మొదలైన బ్యాకప్ తెల్లారేసరికి అయిపోవాలి. పొద్దున స్టాఫ్ వచ్చి ట్యాలీ తెరిచినా అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. స్విచ్ బాగానే ఉంది, కేబుల్ మార్చినా తేడా లేదు, డిస్కులేమో కొత్తవి. గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాక్టరీ అయినా, సిరిపురంలో ఆడిటర్ ఆఫీసైనా, ఇలాంటప్పుడు అందరూ అన్నీ చూసి చివరికి కూడా చూడని చోటు ఒకటుంది. అదే కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య ఉండే లింకు. డేటా వెళ్లే ఇలాంటి దారినే బస్ అంటారు.

వైజాగ్‌కి రాబోయే పెద్ద డేటా సెంటర్ల గురించి పేపర్లో తరచూ చదువుతున్నాం. అక్కడ ఈ పనికి వేరే మనుషులు, వేరే టూల్స్ ఉంటాయి. ఇక్కడ రాస్తున్నది ఒకటో రెండో ర్యాకులు, వాటన్నిటికీ ఒకే ఒక అడ్మిన్ ఉన్న ఆఫీసుల కోసం. సర్వర్‌లో లినక్స్ ఉందనుకుని చెబుతాను. విండోస్ సంగతి మధ్యలో కొంచెం వస్తుంది.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ఇందులో పెద్ద అక్షరాలు కావాల్సిన కమాండ్ ఒక్కటీ లేదు.

ముందు లెక్క

సర్వర్ ఆన్ చేయగానే ప్రతి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డూ (ఇప్పటి మదర్‌బోర్డు స్లాట్లలో పెట్టే కార్డులు ఇవే) తన స్లాట్‌తో బేరం మొదలుపెడుతుంది. లింకు మొదట 2.5 గిగాట్రాన్స్‌ఫర్ల (జీటీ, సెకనుకు ఒక్కో లేన్‌లో ఎన్ని వంద కోట్ల బిట్లు వెళ్తాయో చెప్పే అంకె) దగ్గర లేస్తుంది. తర్వాత ఇద్దరికీ చేతనైన అత్యధిక వేగానికి, ఇద్దరికీ ఉన్నన్ని లేన్లకు, అంటే డేటా పక్కపక్కనే వెళ్లే దారులకు, కుదురుతుంది. ఆ బేరం తక్కువలో తెగితే అలారం మోగదు, ఎర్ర లైటు వెలగదు. కార్డు పనిచేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. అందుకే ఎవరో ఒకరు పనిగట్టుకుని చూడాలి.

ఒక్కో లేన్‌కి ఒక వైపు వేగం ఇలా ఉంటుంది. మొదటి తరం 2.5 జీటీ, అంటే సెకనుకు 250 ఎంబీ. రెండో తరం 5 జీటీ, 500 ఎంబీ. మూడో తరం 8 జీటీ, సుమారు 985 ఎంబీ. నాలుగో తరం 16 జీటీ, దాదాపు 2 జీబీ. అయిదో తరం 32 జీటీ, దాదాపు 4 జీబీ. 5 నుంచి 8కి వెళ్తేనే వేగం దాదాపు రెట్టింపు ఎలా అయిందంటే, మొదటి రెండు తరాల్లో 8 బిట్లు పంపడానికి 10 బిట్లు ఖర్చయ్యేవి. మూడో తరం నుంచి 128 బిట్లకు 130 చాలు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించుకోండి, మాటిమాటికీ అవసరమవుతాయి.

ఏ కార్డు ఎక్కడుందో పట్టుకోండి

ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్లి ముందు చెట్టు చూడండి:

సుడో ఎల్ఎస్‌పీసీఐ -టీవీ

ప్రాసెసర్ నుంచి ఏ పోర్టు కింద ఏ కార్డుందో కొమ్మల్లా కనిపిస్తుంది. పేర్లు పొడుగ్గా, ఒకేలా ఉండి తికమక పెడితే ఎదురు దారిలో రండి. నెట్‌వర్క్ కార్డు అయితే దాని ఇంటర్‌ఫేస్ పేరుతో అడగండి:

ఎత్‌టూల్ -ఐ ఈఎన్ఎస్1ఎఫ్0

చివర్లో బస్-ఇన్ఫో అనే వరుసలో 0000:18:00.0 లాంటి అడ్రసు వస్తుంది. ఎన్‌వీఎంఈ డిస్కు (పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదే నడిచే ఎస్ఎస్‌డీ) అయితే /సిస్/క్లాస్/ఎన్‌వీఎంఈ/ఎన్‌వీఎంఈ0/అడ్రస్ అనే ఫైలును క్యాట్ కమాండ్‌తో తెరిచి చదివితే ఇలాంటి అడ్రసే దొరుకుతుంది. ఇకనుంచి నేను 18:00.0 అని రాసిన చోటల్లా మీ అడ్రసు పెట్టుకోండి. అందులో అక్షరాలు కూడా ఉండొచ్చు, కంగారు పడొద్దు.

అసలు విషయం రెండు వరుసల్లో ఉంది

సుడో ఎల్ఎస్‌పీసీఐ -ఎస్ 18:00.0 -వీవీ

స్క్రీన్ నిండా వచ్చిపడుతుంది. మీకు కావలసినవి అందులో రెండే. ఎల్ఎన్‌కే క్యాప్ అనే వరుస కార్డుకి ఎంత చేతనవునో చెబుతుంది. ఎల్ఎన్‌కే స్టా అనే వరుస ఇప్పుడు ఎంతలో నడుస్తోందో చెబుతుంది. రెండింట్లోనూ స్పీడ్, విడ్త్ అని రెండు అంకెలుంటాయి. తేడా ఉంటే కొత్త వెర్షన్లు స్టేటస్ పక్కనే బ్రాకెట్లో డౌన్‌గ్రేడెడ్ అని రాసి పెడతాయి. సుడో (అడ్మిన్ హక్కులతో నడపమని చెప్పే మాట) మర్చిపోతే ఈ వరుసలేవీ కనపడవు, యాక్సెస్ డినైడ్ అని మాత్రం ఉంటుంది.

రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరో ఉండిపోయి, ఆయన ఫోన్ ఎత్తడం లేదా? అప్పుడూ దారి ఉంది. /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:18:00.0/ అనే ఫోల్డర్లో కరెంట్_లింక్_స్పీడ్, కరెంట్_లింక్_విడ్త్, మ్యాక్స్_లింక్_స్పీడ్, మ్యాక్స్_లింక్_విడ్త్ అని నాలుగు ఫైళ్లుంటాయి. మామూలు యూజర్‌గానే వాటిని క్యాట్ చేయొచ్చు. మరీ పాత కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే అసలు భాగం) అయితే ఇవి ఉండవు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. రెండు పోర్టుల 10 గిగాబిట్ కార్డు ఒకటి ఉంది. దాని సామర్థ్యం 5 జీటీ, 8 లేన్లు. లెక్క వేస్తే ఒక్కో లేన్‌కి 500 ఎంబీ, అంటే 4 గిగాబిట్లు. 8 లేన్లకు 32 గిగాబిట్లు, రెండు పోర్టులకూ ధారాళంగా సరిపోతుంది. స్టేటస్‌లో 4 లేన్లు కనిపిస్తే 16 గిగాబిట్లు. రెండు పోర్టులూ పూర్తి వేగంతో నడిస్తే చాలదు. ఒక్క పోర్టే వాడుతుంటే మాత్రం చాలు. అలాంటప్పుడు డౌన్‌గ్రేడెడ్ అన్న మాట చూసి సర్వర్ విప్పే పనిలేదు, ఒక నోట్ రాసుకుని వదిలేయండి. అదే ఒక్క లేన్ అయితే 4 గిగాబిట్లే. మీ బ్యాకప్ తెల్లారినా ముగియకపోవడానికి ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

పెద్ద కార్డుల్లో ఇంకో చిక్కుంది. రెండు పోర్టుల 100 గిగాబిట్ కార్డును మూడో తరం 16 లేన్ల స్లాట్‌లో పెడితే అంతా సవ్యంగా కుదిరినా వచ్చేది సుమారు 126 గిగాబిట్లే. రెండో పోర్టు ఉన్నది మొదటిది పోతే ఆదుకోవడానికే అనుకోవాలి. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

కార్డు ఒక్కదాన్నే చూసి ఆగొద్దు

కార్డు, చెట్టులో దాని పైనున్న పీసీఐ పోర్టు, మధ్యలో పీసీఐ స్విచ్ చిప్ ఉంటే అదీ చూడాలి. కూర్మన్నపాలెం వైపు రోడ్డు ఎంత వెడల్పున్నా, దారిలో ఒక్క జంక్షన్ ఇరుకైతే మీరు చేరే టైము ఆ జంక్షనే తేలుస్తుంది కదా, ఇదీ అంతే. చెట్టులో ఒక మెట్టు పైకి వెళ్లి, ఉదాహరణకు 17:00.0 మీద, అదే కమాండ్ కొట్టి ఆ రెండు వరుసలూ చదవండి.

ఈ పని కెర్నల్ ఒక్కోసారి మనకోసం ముందే చేసి పెడుతుంది. చాలా నెట్‌వర్క్ డ్రైవర్లు బూట్ అయ్యేటప్పుడు ఎంత బ్యాండ్‌విడ్త్ దొరికిందో లాగ్‌లో రాస్తాయి. 16.000 జీబీ అందుబాటులో ఉంది, 0000:17:00.0 దగ్గర 5.0 జీటీ ఎక్స్4 లింకు వల్ల ఆగింది, సామర్థ్యం 32.000 అన్న అర్థంతో ఒకే వరుస ఉంటుంది. అక్కడి జీబీ అంటే గిగాబిట్. ఇరుకు ఎక్కడుందో అడ్రసుతో సహా చెప్పేస్తుంది. వెతకడానికి:

సుడో డీఎంఈఎస్‌జీ | గ్రెప్ -ఐ "అవైలబుల్ పీసీఐఈ"

నెలల తరబడి ఆపని సర్వర్‌లో బూట్ నాటి మెసేజ్‌లు చెరిగిపోయి ఉంటాయి. అప్పుడు డీఎంఈఎస్‌జీ బదులు జర్నల్‌సీటీఎల్ -కే అని పెట్టి చూడండి.

తగ్గింది వేగమా, వెడల్పా?

అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. వేగం తక్కువ కనిపించడం వేరు, లేన్లు తక్కువ కనిపించడం వేరు.

పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం కొన్ని కార్డులు వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డులు ముఖ్యంగా. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే 2.5 జీటీ అని ఉంటుంది. అది చూసి వెండర్‌కి ఫోన్ చేస్తే నవ్విపోతారు. కార్డుకి పని ఇచ్చి, అది నడుస్తుండగానే చూడండి. నెట్‌వర్క్ కార్డు అయితే ఒక టెర్మినల్‌లో ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే టూల్) నడుపుతూ ఇంకో టెర్మినల్‌లో స్టేటస్ చదవండి. ఆఫీసు టైములో ఐపెర్ఫ్3 పెడితే అందరి నెట్టూ నత్తనడక నడుస్తుంది, కాబట్టి భోజనాల వేళ చూసుకోండి. గ్రాఫిక్స్ కార్డుకి ఎన్‌విడియా-ఎస్ఎంఐ -క్యూ అంటే పీసీఐ తరం ఇప్పుడెంత, గరిష్ఠం ఎంత అని విడివిడిగా వస్తుంది.

పని పెట్టాక కూడా వేగం తక్కువే ఉంటే మూడు అనుమానాలు. బయోస్‌లో ఎవరో ఆ స్లాట్‌ను పాత తరానికి కట్టేసి ఉండొచ్చు. మధ్యలో ఉన్న రైజర్ (స్లాట్‌ను పక్కకో పైకో తెచ్చే చిన్న బోర్డు) పాత తరానిది కావచ్చు. లేదా స్లాటే పాతది కావచ్చు. మూడో తరం సర్వర్‌లో నాలుగో తరం ఎన్‌వీఎంఈ పెట్టి 7 జీబీ ఎందుకు రాలేదని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగు లేన్లకు 3.9 జీబీ దాటి ఎక్కడినుంచి వస్తుంది?

లేన్లు తగ్గడం మాత్రం చాలావరకు కరెంటు ఆదా వల్ల కాదు. స్లాట్ చూడటానికి 16 లేన్ల పొడుగున్నా లోపల 8కో 4కో మాత్రమే వైరింగ్ ఉండొచ్చు. మూత తీయకుండానే అది తెలుసుకోవచ్చు:

సుడో డీఎంఐడీకోడ్ -టీ స్లాట్

స్లాట్ పేరు, రకం, వాడుకలో ఉందా లేదా, బస్ అడ్రసు అన్నీ చూపిస్తుంది. ఇది కొలిచి చెప్పే మాట కాదు, బయోస్‌లో తయారీదారు రాసి పెట్టిన పట్టిక. కొన్ని బోర్డుల్లో అందులో తప్పులుంటాయి. మాన్యువల్‌తో పోల్చుకోండి.

స్లాట్‌లో 8 లేన్లూ ఉండి, కార్డుకీ 8 చేతనై, స్టేటస్‌లో 4 మాత్రమే ఉంటే అప్పుడు కాంటాక్ట్ మీద అనుమానం పెట్టుకోవాలి. మన ఊళ్లో ఆ అనుమానం ఇంకాస్త ముందే రావాలి. ఏసీ పాడైందని రెండు రోజులు కిటికీలు తీసి పెట్టిన సర్వర్ రూమ్‌లోకి ఉప్పు గాలి నేరుగా వస్తుంది. రుషికొండ, బీచ్ రోడ్డు వైపు ఆఫీసుల్లో స్క్రూల తుప్పు చూస్తేనే సంగతి అర్థమవుతుంది. కాంటాక్ట్ అనుమానానికి ఆధారం కావాలంటే లోపాల లెక్క చూడండి:

క్యాట్ /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:18:00.0/ఏఈఆర్_డీఈవీ_కరెక్టబుల్

ఆర్ఎక్స్ ఎర్ర్, బ్యాడ్ టీఎల్‌పీ, బ్యాడ్ డీఎల్ఎల్‌పీ అని వరుసలు, పక్కన అంకెలు ఉంటాయి. సున్నాలుంటే మంచిదే. అంకె ఉంటే రాసుకుని, ఒక గంట ఆగి మళ్లీ చూడండి. పెరుగుతోందంటే లింకులో లోపాలు వస్తున్నాయి, హార్డ్‌వేర్ వాటిని సరిదిద్దుకుంటూ నడిపిస్తోంది. అంకె కదలకపోతే అది ఎప్పటిదో పాత సంగతి.

కాంటాక్టే కారణమని తేలితే కార్డు తీసి పెట్టాలి, అది సర్వర్ ఆపాకే. నూలు రాలని బట్టను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి బంగారు కాంటాక్టులను తుడిచి, ఆరాక గట్టిగా కూర్చోబెట్టండి. షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దేస్తుంటారు. అది చూడటానికి మెరుస్తుంది గానీ, ఆ బంగారు పూత చాలా పల్చన. పూత పోయాక ఉప్పు గాలికి ఇంకా తొందరగా పాడవుతుంది. ఇక ఆపడానికి రోజు ఎంచుకోవాలంటే, మెయింటెనెన్స్ కోసం ఈపీడీసీఎల్ వాళ్లు ముందే చెప్పి కరెంటు తీసే రోజును మించినది లేదు. ఎలాగూ యూపీఎస్ ఆగేలోగా సర్వర్‌ను షట్‌డౌన్ చేయాలి కదా. పోర్టు పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో మాత్రం ఆదివారం ఖాళీ అనుకోకండి. ఓడ ఏ రోజు వస్తే ఆ రోజే పని.

నాలుగు ఎన్‌వీఎంఈలు పట్టే కార్డు పెట్టి, ఒక్క డిస్కే కనిపిస్తుంటే అది కాంటాక్ట్ సమస్య కాదు. బయోస్‌లో ఆ స్లాట్‌ని 4, 4, 4, 4 లేన్లుగా విడగొట్టలేదు. అలాగే రెండు సాకెట్ల బోర్డులో రెండో ప్రాసెసర్ లేకపోతే దానికి కట్టిన స్లాట్లు అసలు పనిచేయవు. రెండూ ఉంటే కార్డు ఏ ప్రాసెసర్ వైపుందో అదే ఫోల్డర్లోని నుమా_నోడ్ ఫైలు చెబుతుంది. 0 అయితే మొదటిది, 1 అయితే రెండోది, -1 అయితే సమాచారం లేదు.

మెమరీ బస్

సుడో డీఎంఐడీకోడ్ -టీ 17

ప్రతి ర్యామ్ స్టిక్‌కీ స్పీడ్ అని ఒకటి, కాన్ఫిగర్డ్ మెమరీ స్పీడ్ అని ఒకటి ఉంటాయి. మొదటిది స్టిక్ సామర్థ్యం, రెండోది ఇప్పుడు నడుస్తున్నది. 2933 స్టిక్ 2666లో నడుస్తోందని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. ప్రాసెసర్ పరిమితి అదే అయితే చేసేదేమీ లేదు, పైగా తేడా పదో వంతు కూడా లేదు. అదే పట్టికలో ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో చూడండి, నష్టం అక్కడ ఉంటుంది. 2017లో వచ్చిన మొదటి తరం ఇంటెల్ జియాన్ స్కేలబుల్‌లో ప్రాసెసర్‌కి ఆరు మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కి వెళ్లే విడివిడి దారులు). 2666 వేగంలో ఒక్కో ఛానెల్ సెకనుకు 21.3 జీబీ ఇస్తుంది. రెండు పెద్ద స్టిక్‌లు పెట్టి సరిపెట్టుకుంటే సుమారు 42 జీబీ, అంతే మెమరీని ఆరు చిన్న స్టిక్‌లుగా పెడితే 128 జీబీ. కొటేషన్ తీసుకునేటప్పుడే స్టిక్‌ల సంఖ్య అడగాలి. తర్వాత అడిగితే ఉన్నవి తీసేసి కొత్తవి కొనాలి.

డిస్కుల లింకు

సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ

సాటా వెర్షన్ వరుసలో 6.0, బ్రాకెట్లో కరెంట్ 3.0 అని ఉంటే లింకు సగానికి పడింది. తిరిగే హార్డ్ డిస్కు అయితే 3.0 ఇచ్చే 300 ఎంబీయే దానికి ఎక్కువ, పట్టించుకోవద్దు. ఎస్ఎస్‌డీ అయితే సగం వేగం పోయినట్టే. అక్కడే 199వ నంబరు దగ్గర సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిన సందర్భాల) లెక్క ఉంటుంది. అది పెరుగుతుంటే డిస్కుని తిట్టకుండా కేబుల్ మార్చండి. కెర్నల్ లాగ్‌లో సాటా లింక్ స్పీడ్‌ని 3.0కి పరిమితం చేస్తున్నట్టు లిమిటింగ్ అనే మాటతో వరుస ఉంటే, లోపాలు ఎక్కువై కెర్నలే వేగం తగ్గించిందని అర్థం. డిస్కులు రెయిడ్ కంట్రోలర్ (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) వెనక ఉంటే ఇవేవీ నేరుగా కనపడవు, ఆ కంట్రోలర్ కంపెనీ ఇచ్చే టూల్ వాడాలి. యూఎస్‌బీ బ్యాకప్ డిస్కుకి ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ చాలు. 5000ఎం బదులు 480ఎం అని ఉంటే పాత పోర్టులో గుచ్చారన్నమాట.

వర్చువల్ మెషీన్ లోపల ఇవన్నీ చూస్తే కనిపించేది ఉత్త నాటకం. కింద ఉన్న హోస్ట్‌లోకి వెళ్లి చూడండి. ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) అయితే అడుగున ఉన్నది డెబియన్ లినక్సే, పైన చెప్పినవన్నీ నడుస్తాయి. విండోస్ సర్వర్‌లో అయితే పవర్‌షెల్ తెరిచి గెట్-నెట్‌అడాప్టర్‌హార్డ్‌వేర్‌ఇన్ఫో కొడితే నెట్‌వర్క్ కార్డుల లింక్ స్పీడ్, విడ్త్, నుమా నోడ్ ఒకే పట్టికలో వస్తాయి.

నడుస్తున్న సర్వర్ మీద చేయకూడనివి

ఇంతవరకు చెప్పినవన్నీ చదవడమే, రాయడం కాదు. ఐపెర్ఫ్3 ఒక్కటే లోడ్ పెడుతుంది. కానీ నెట్‌లో వెతికితే సెట్‌పీసీఐ అనే, కార్డు సెట్టింగులను మార్చే కమాండ్‌తో వేగం మార్చే చిట్కాలు దొరుకుతాయి. జనం పనిచేస్తున్న మెషీన్ మీద దాని జోలికి వెళ్లొద్దు. ఒక్క అంకె తప్పితే కార్డు మాయమైపోతుంది, అందులో మీ ఎస్ఎస్‌హెచ్ కూడా ఉంటుంది. ఎల్ఎస్‌పీసీఐకే మూడు ఎక్స్‌లు పెట్టి మొత్తం కాన్ఫిగరేషన్ చదివే పద్ధతి ఉంది. కొన్ని కార్డులు అలా చదివితే క్రాష్ అవుతాయని ఆ కమాండ్ మాన్యువలే హెచ్చరిస్తుంది. మనకి కావలసింది రెండు వీలతోనే వస్తుంది. సిస్ ఫోల్డర్లో రిమూవ్, రీస్కాన్ అనే ఫైళ్లు కనిపిస్తాయి, వాటినీ ముట్టుకోవద్దు.

అంతా బాగున్న రోజే ఒకసారి మొత్తం ఫైల్లోకి పట్టి పెట్టండి:

సుడో ఎల్ఎస్‌పీసీఐ -వీవీ > లింకులు-తేదీ.టీఎక్స్‌టీ

తేదీ అన్న చోట ఆ రోజు తేదీ వేయండి. డీఎంఐడీకోడ్‌దీ అలాగే ఇంకో ఫైలు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) వాళ్లు వచ్చి మూత తీసి వెళ్లిన ప్రతిసారీ కొత్త ఫైలు తీసి, పాతదానితో తేడాలు చూపే డిఫ్ కమాండ్ కొట్టి చూడండి. శుభ్రం చేస్తూ కార్డుని పక్క స్లాట్‌లో పెట్టేసి వెళ్లడం మామూలే. వాళ్లింకా ఆఫీసు మెట్లు దిగకముందే అది మీకు తెలిసిపోతుంది. వెండర్‌కి కంప్లయింట్ పెట్టాల్సి వస్తే సుడో డీఎంఐడీకోడ్ -ఎస్ సిస్టమ్-సీరియల్-నంబర్ అంటే వచ్చే నంబరు, క్యాప్, స్టా వరుసలు పాతవీ కొత్తవీ, గంట తేడాతో తీసిన లోపాల అంకెలు, ఇవన్నీ ఒకే మెయిల్‌లో పంపండి. ముందు రీస్టార్ట్ చేసి చూడండి అనే మొదటి ఫోన్ కాల్ తప్పుతుంది.